మూడో తలుపు

సత్తెనపల్లి,
12 ఏప్రిల్ 2004

అమ్మా క్రిస్టీనా,

1949లో మీ నాన్న నాకొక మాట ఇచ్చాడు. మా నాయన మిషన్ బడిలో మేస్టారు కదా, కనిగిరి నుంచి సత్తెనపల్లికి బదిలీ అయింది. లారీకి సామాను ఎక్కించారు, మమ్మల్ని ఎక్కించారు, మోతీని ఎక్కించలేదు. మోతీ నా కుక్క. గేటు దగ్గర నిలబడి లారీ వంకే చూస్తోంది. నాకు తొమ్మిదేళ్లు. ఏడుస్తుంటే పద్నాలుగేళ్ల మీ నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, "మిగిలిన సామాను కోసం నాయనతో నేను వెళ్తాగా, అప్పుడు తీసుకొస్తాలేరా దాసూ" అన్నాడు. నెల పోయాక వెళ్లాడు. బెంచీలు తెచ్చాడు, తిరగలి తెచ్చాడు. కుక్క ఏదిరా అన్నయ్యా అంటే, "చూడ్డానికి తీరిక దొరకలేదు" అన్నాడు.

ఇల్లులేని కుక్కల్నీ పిల్లుల్నీ పెంచుకునేవాళ్లకి అప్పగించే సంఘానికి వెబ్‌సైటు తయారుచేస్తున్నాననీ, దాన్ని వాడి చూసి తప్పులు చెప్పమనీ నువ్వు రాయగానే నాకు ముందు గుర్తొచ్చింది ఇదే. అయినా సంతోషించాను. తప్పులు చెప్పమని నన్ను అడిగిన మనిషివి నా జీవితంలో నువ్వొక్కదానివే. అడక్కుండా చెప్పినందుకే శాఖా గ్రంథాలయంలో నా ఉద్యోగమంతా ఒకే కుర్చీలో గడిచింది.

నజీర్ గారి నెట్ సెంటరుకి వెళ్లాను. నీ పేజీ తెరుచుకునేలోపు ఆయన టీ తెప్పించాడు, తాగాం, గ్లాసులు కూడా వెనక్కి పోయాయి. ముందు కుక్కపిల్ల చెవులు వచ్చాయి, తర్వాత కళ్లు, ఎప్పటికో మూతి. కింద రెండు బటన్లు. ఒకటి కుక్క కావలసినవాళ్లకి, రెండోది కుక్కను ఇచ్చేవాళ్లకి. "నజీరూ, కుక్క నాది కాదు, నాకు వద్దనీ కాదు. ఏది నొక్కమంటావ్?" అన్నాను. "మాస్టారూ, మధ్యలో నొక్కి చూడండి" అన్నాడు.

మా ఇంట్లో ఒక కుక్క ఉంది. మిరప కోతలయ్యాక ఎవరో వదిలేసి వెళ్లారు. ఎర్రటిది, కుడి చెవి వాలి ఉంటుంది. మా అరుగు మీద పడుకుని మాచర్ల రోడ్డు వైపే చూస్తూ ఉంటుంది. మీ పిన్ని దేవకుమారి అన్నం పెడితే మూతి ఆనించి లేచిపోతుంది. దాని సంగతంతా రెండో బటన్ నొక్కి ఇంగ్లీషులో వివరంగా రాశాను. స్టూడియోలో తీయించిన ఫోటోను నజీర్ ఎక్కించాడు. నేను కోరేదేమిటో అందులోనే చదువుకో. ఒకే విషయం రెండుసార్లు రాసే అలవాటు నాకు లేదు.

తప్పులెన్నడంలో ఆరితేరిన
నీ బాబాయి ప్రేమదాసు



హైదరాబాద్,
22 ఏప్రిల్ 2004

బాబాయ్ గారికి, పిన్నికి వందనాలు.

మీరు రాసింది ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. కుక్క చూపు గురించి మీరు రాసిన ఇంగ్లీషు వాక్యాలు విని మా టెస్టింగ్ అమ్మాయి నగ్మా ఇంకోసారి చదవమంది. వెబ్‌సైటు ఇంకా పరీక్ష దశలోనే ఉన్నా సంఘం వాళ్లు మీ పేజీని బయటపెట్టారు.

శుభవార్త ఏమిటంటే, నాలుగు రోజుల్లోనే కుటుంబం దొరికింది. సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగం చేసే మార్క్ గారు, ఆయన భార్య. పెద్ద ఇల్లు, చుట్టూ ఖాళీ స్థలం. ఈమధ్యే వాళ్ల ముసలి కుక్క పోయిందట. సంఘం తరఫున వెళ్లి ఇల్లు చూసి వచ్చారు. మే 2 ఆదివారం కారులో మీ దగ్గరికి వస్తున్నారు.

ఒక్క విషయం అడుగుతాను, కోప్పడకండి. ఇంత ప్రేమ ఉన్న కుక్కను ఇచ్చేయాలనుకున్నారంటే మీ ఒంట్లో బాగానే ఉందా? గుండె డాక్టరు దగ్గరికి ఆఖరుసారి ఎప్పుడు వెళ్లారు? పిన్నీ, నువ్వైనా నిజం రాయి.

నాన్న గురించి రాసిన సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. మీరిద్దరూ మాట్లాడుకోకపోవడానికి పొలమో ఇల్లో కారణం అనుకున్నాను.

కృతజ్ఞతలతో,
క్రిస్టీనా



సత్తెనపల్లి,
4 మే 2004

క్రిస్టీనా,

నా గుండె బాగుంది. నీ వెబ్‌సైటుకే జబ్బు చేసింది.

నీ ఉత్తరం గురువారం అందింది. ఫోన్ చేస్తే మీ ఆఫీసులో ఎవరో ఆగమని చెప్పి పాట పెట్టారు. ఆ పాట రెండుసార్లు విని పెట్టేశాను. నజీర్ దగ్గరికి పరిగెత్తి నా పేజీ తెరిపించాను. అక్కడ చూద్దునుగదా, నేను రాసినదాంట్లో సగమే ఉంది. "ఈ వయసులో నాకు దక్కిన తోడు ఇది, అయినా" అనే మాట దగ్గర ఆగిపోయింది. ఆ 'అయినా' తర్వాత రాసిందే అసలు సంగతి. వ్యాసం రాసేటప్పుడు చెప్పవలసింది చివర చెప్పాలని నేను నేర్చుకున్నాను. రాయడానికి నువ్విచ్చిన పెట్టె అయిదు వందల అక్షరాలు మింగి మూతి మూసుకుంది. నోరు మూస్తున్నానని చెప్పనైనా చెప్పలేదు.

నేను రాసింది ఇదీ: అయినా దీన్ని నేను ఎవరికీ ఇవ్వడం లేదు. దీనికి మనుషులున్నారు. వెంకటరావమ్మ గారి పొలంలో మిరపకాయలు కోయడానికి కనిగిరి వైపు నుంచి వచ్చిన కూలీలు. కోతలు అయిపోగానే మేస్త్రి వాళ్లని లారీ ఎక్కించి, కుక్కను ఎక్కనివ్వలేదు. వాళ్లెవరో కనిపెట్టి దీన్ని వాళ్లకి చేర్చండి. ఇంతే. పేర్లేమిటని వెంకటరావమ్మని అడిగాను. "నాకేం తెలుసు మాస్టారూ, మేస్త్రి తెస్తాడు, మేస్త్రి తీసుకుపోతాడు" అంది. ఆ మేస్త్రి ఎటుపోయాడో ఎవరికీ తెలియదు.

మార్క్ దంపతులు చెప్పినట్టే ఆదివారం వచ్చారు. మంచివాళ్లు. అదే నాకు మరీ ఇబ్బంది అయింది. చెడ్డవాళ్లయితే గుమ్మంలోంచే పంపేసేవాణ్ని. కుక్క కోసం ఎర్రటి మెత్తటి దుప్పటి తెచ్చారు. ఆవిడ దాన్ని వరండాలో పరిచి, దా దా అని పిలిచింది. కుక్క వచ్చింది. దుప్పటి అంచు దాకా వచ్చి ఆగింది. అంచు వెంబడే చుట్టూ నడిచి, అవతలి వైపు నుంచి ఆవిడ దగ్గరికి వెళ్లింది. మళ్లీ పిలిస్తే మళ్లీ చుట్టూ తిరిగి వచ్చింది.

"భయమా దానికి?" అన్నాడాయన.

"భయం కాదయ్యా, అది కళ్లంలో పెరిగింది" అంది మీ పిన్ని. "ఆరబోసిన మిరపకాయలు తొక్కితే కాయ చితికి గింజ రాలుతుంది కదా. పిల్లగా ఉన్నప్పుడే ఎవరో నేర్పి ఉంటారు. నేను చాప పరిచినా అంతే, చీర ఆరేసినా అంతే. ఓపిగ్గా కూర్చుని నేర్పినవాళ్లు కావాలని వదిలేసి పోతారా?"

నేను అయిదు వందల అక్షరాలు దాటినా చెప్పలేనిది ఆవిడ రెండు ముక్కల్లో చెప్పింది. మార్క్ గారి భార్య దుప్పటి మడత పెట్టింది. దాని మనుషులు దొరక్కపోతేనే తమకు చెప్పమంది. కోడికూరతో అన్నం తిని, మీ పిన్ని ఇచ్చిన పండుమిరప పచ్చడి జాడీ తీసుకుని ఖాళీ కారులో వెళ్లిపోయారు. పోతూ నాకు నమస్కారం పెట్టారు. నేనైతే తిట్టి ఉండేవాణ్ని. నా కృతజ్ఞతలు వాళ్లకి చేరవెయ్యి, వాళ్ల ముందు నాకు నోరు రాలేదు.

ఇక తప్పులు. నీ ఇంటికి రెండు తలుపులే ఉన్నాయి, కావాలి, ఇస్తాను. లోకమంతా కొనేవాళ్లూ అమ్మేవాళ్లే అనుకున్నావు. తప్పిపోయినదాని కోసం వెతికేవాడు ఏ తలుపు తట్టాలి? దొరికినదాన్ని అప్పగించాలనుకునేవాడు ఏ తలుపు తట్టాలి? మూడోది పెట్టు. ఎన్ని అక్షరాలు పడతాయో ముందే చెప్పు. జాతి ఏదని అడిగి ఆల్సేషియన్, పొమేరియన్ అని చూపించే బదులు, దానికున్న అలవాటు ఏమిటని అడుగు. దాని మనిషి దాన్ని గుర్తుపట్టేది అలవాటుతోనే. ఇంకొకటి, కనిగిరి దగ్గర చేలో ఉన్న కూలి మనిషి కంప్యూటరు ముందు కూర్చోడు. పేజీ మొత్తం ఒక్క కాగితం మీద, పైన పెద్ద ఫోటోతో, అచ్చయ్యేలా చెయ్యి. చదువు రానివాడు కూడా టీ కొట్టు గోడ మీద దాన్ని చూసి ఇది నా కుక్క అనాలి.

సగం మాట చెప్పి ఊరుకోవడం మీ నాన్న పోలిక. నీకు రానివ్వకు.

ప్రేమదాసు



హైదరాబాద్,
15 మే 2004

బాబాయ్ గారికి వందనాలు.

మీ ఉత్తరం ముందు ఏడిపించింది, తర్వాత పని చేయించింది. పెట్టె సంగతి పూర్తిగా నా పొరపాటే. ఆంగ్లంలో మూడు వాక్యాలకు మించి ఎవరూ రాయరని అనుకున్నాను. మిమ్మల్ని ఎరిగి కూడా అలా అనుకున్నాను చూడండి.

మా బాసు మూడో బటన్ ఒప్పుకోలేదు. ఒప్పందంలో లేదట, పైగా రెండుంటేనే పేజీ అందంగా ఉంటుందట. నేను మీ ఉత్తరం తీసుకుని నేరుగా సంఘం నడిపే ఆవిడ దగ్గరికి వెళ్లాను. దుప్పటి చుట్టూ నడిచిన దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్లజోడు తీసేసి, "మూడోది ముందు పెట్టమ్మా, తక్కిన రెండూ తర్వాత" అన్నారు. బాసు ఇప్పుడు అది తన ఆలోచనేనని చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనివ్వండి.

దొరికింది అనే తలుపు ఇప్పుడు అన్నిటికంటే పైన ఉంది. జాతి అడిగేచోట అలవాటు అడుగుతోంది. రాస్తుంటే ఇంకా ఎన్ని అక్షరాలు మిగిలాయో పక్కనే కనబడుతుంది. నొక్కితే ఒక్క కాగితం మీద అచ్చవుతుంది. మొదటి కాగితం మీ కుక్కదే. తెలుగులో చేతిరాతతో పైన నేనే రాశాను. మీ కోసం కొన్ని ఇందులో పెట్టాను.

కొన్ని కనిగిరిలో నాన్నకి పంపాను. కుక్క మనుషులది ఆ వైపే కదా. తిట్టండి, పర్లేదు.

మీ తిట్లు అచ్చేసుకుని గోడకి అంటించుకున్న,
క్రిస్టీనా



సత్తెనపల్లి,
24 మే 2004

క్రిస్టీనా,

కాగితం బాగుంది. ముందు అది చెప్పి తక్కినది చెబుతాను. ఫోటో పెద్దదిగా వచ్చింది, వాలిన చెవి స్పష్టంగా కనబడుతోంది. నజీర్ ఒకటి తన తలుపుకి అంటించాడు. పిడుగురాళ్ల వెళ్లే సున్నం లారీల డ్రైవర్లకి నాలుగిచ్చాడు. ముప్పయ్యేళ్లు పుస్తకాలు చేతికిచ్చి పంపాను, ఎవరైనా చదివారో లేదో తెలియలేదు. ఈ ఒక్క కాగితాన్ని మాత్రం జనం ఆగి చదువుతున్నారు. నీకు రుణపడ్డాను.

కానీ మీ నాన్నకి ఎందుకు పంపావు? కుక్కల విషయంలో ఆయన తీరిక ఎలాంటిదో నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. ఆ కాగితాలు ఇంట్లో ఏ పుస్తకంలోనో మడిచి పెట్టి ఉంటాడు. కనిగిరి వైపు వెతకాల్సిన కాస్త చోటునీ ఆయన చేతుల్లో పెట్టి పాడుచేశావు. వెంటనే అడిగి తెప్పించుకుని ఇంకెవరికైనా పంపు.

కుక్క చిక్కిపోయింది. మీ పిన్ని పక్కన కూర్చుంటేనే నాలుగు ముద్దలు తింటుంది. వానలు మొదలైతే రోడ్డు వైపు పడుకోనివ్వకుండా లోపల కట్టేయాలి. కట్టేస్తే అసలే తినదని నా భయం. ఇంకా ఒకటి ఒప్పుకుంటాను. రోజూ పొద్దున తలుపు తీసేటప్పుడు, గేటు దగ్గర మోతీ ఎలా ఉండి ఉంటుందో ఈ కుక్కను చూసి ఊహించుకుంటున్నాను. ఎన్నాళ్లు కూర్చుందో, ఎవరైనా గంజి పోశారో లేదో. ఈ వయసులో ఇదేం పిచ్చి అంటుంది దేవకుమారి.

ఈ కుక్క కూడా అలా పోతే నేను మళ్లీ నీ వెబ్‌సైటు మొహం చూడను.

ప్రేమదాసు



కనిగిరి,
13 జూన్ 2004

బాబాయ్ గారికి,

మీ ఉత్తరం చదివాక సెలవు పెట్టి కనిగిరి వచ్చాను, కాగితాలు వెనక్కి తీసుకుందామని. ఇంట్లో ఒక్కటి కూడా లేదు. నాన్న కూడా లేడు. పొద్దున బస్సెక్కి వెళ్లాడని అమ్మ చెప్పింది. "ఆ కాగితాలు వచ్చిన రోజు నుంచీ ఇదే తంతు. ఆ మోకాళ్లతో ఊరూరూ తిరుగుతున్నాడు. అడిగితే కసురుతున్నాడు" అంది.

సాయంత్రం వచ్చాడు. చెప్పులు విప్పకుండానే, "దొరికార్రా" అన్నాడు.

యేసుపాదం అని, మిరప కోతలకి వచ్చిన కూలీ. వాళ్లది కనిగిరికి ఆవల చిన్న పల్లె. ఆదివారం ఆరాధనయ్యాక గుడి బయట నాన్న కాగితం పట్టుకుని నిలబడితే యేసుపాదం కూతురు చూసి, చదవడం కూడా అవకుండా, "పండు" అని అరిచిందట. కుక్క పేరు పండు, బాబాయ్. కళ్లంలో నడవడం నేర్పింది ఆ పిల్లే. లారీ కదిలాక పిల్ల దూకబోతే మేస్త్రి పట్టి ఆపాడట. మళ్లీ కోతల కాలం వస్తేగానీ అటు రాలేమని, అప్పటిదాకా బతికి ఉండదని అనుకున్నారట.

రాత్రి అన్నాల దగ్గర నాన్నని అడిగాను, మోతీని తేవడానికి నిజంగానే తీరిక దొరకలేదా అని. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"తీరిక లేకేం. బండి దిగీ దిగగానే గేటు దగ్గరికే పరిగెత్తాను. లేదు. కొండ కింద మాబు సాహెబ్ గారి ఇంటి ముందు ఉందన్నారు. వెళ్లాను. వాళ్ల గుమ్మంలో పడుకుని ఉంది, బాగా ఒళ్లు చేసింది. మోతీ అని పిలిచాను. తల ఎత్తి చూసి, తోక ఊపి, మళ్లీ పడుకుంది. లేవలేదు. తాడు వేసి లాగుదామనుకున్నాను. మాబు సాహెబ్ గారి భార్య మౌలాబీ, 'తీసుకెళ్లు నాయనా, మీదే కదా' అంది. ఆవిడ చంకలో పిల్లోడు దాని చెవి పట్టుకుని ఉన్నాడు. ఎలా తీసుకెళ్లను? అక్కడ సత్తెనపల్లిలో దాసుగాడేమో, అది నాకోసం అన్నం మానేసి కూర్చుంటుంది అన్నయ్యా అని ఏడుస్తున్నాడు. నిన్ను మర్చిపోయిందిరా అని తొమ్మిదేళ్ల పిల్లోడికి ఎలా చెప్పను? తప్పు నామీద వేసుకుంటే రెండు రోజులు తిట్టి ఊరుకుంటాడు అనుకున్నాను."

"యాభై అయిదేళ్లు తిట్టారు" అన్నాను.

"వాడు చదువుకున్నవాడు కదా" అన్నాడు.

యేసుపాదాన్నీ కూతుర్నీ తీసుకుని తానే సత్తెనపల్లి వస్తానంటున్నాడు. కుక్కను బస్సు ఎక్కనివ్వరని ఎవరిదో ట్రాలీ ఆటో మాట్లాడాడు. వద్దని రాయకండి. ఈ ఉత్తరం చేరేలోపే ఆయన మీ గుమ్మంలో ఉంటాడు.

మీ ఇద్దరి మధ్య కూర్చున్న,
క్రిస్టీనా



సత్తెనపల్లి,
21 జూన్ 2004

అమ్మా క్రిస్టీనా,

నీ ఉత్తరం శనివారం పొద్దున వచ్చింది. చదివి మడిచేలోపే ఆటో వచ్చింది. ముందు నుంచి మీ నాన్న దిగాడు. ముసలివాడైపోయాడు. ఆ మాట నాకెందుకు చెప్పలేదు?

వెనక నుంచి ఆ పిల్ల దిగింది. పిలవలేదు, అరవలేదు. పండు అరుగు మీద లేచి నిలబడింది. ముందురోజు వాన పడిందని మీ పిన్ని వాకిలంతా గోనెసంచులు పరిచింది. ఇన్నాళ్లూ అన్నం మానేసి ఎదురుచూసిన కుక్క, దాని మనిషి పది గజాల్లో నిలబడి ఉంటే, గోనెసంచుల అంచు వెంబడి గోడవారగా చుట్టూ నడిచి, ఒక్కదాని మీదా అడుగు వేయకుండా వెళ్లి, అప్పుడు ఆ పిల్ల మీద పడింది. యేసుపాదం మొహం అటు తిప్పుకున్నాడు. దేవకుమారి లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

మేమిద్దరం అరుగు మీద కూర్చున్నాం.

"మోకాళ్లెలా ఉన్నాయి?" అన్నాను.

"ఉన్నాయి" అన్నాడు. కాసేపటికి, "ఇంకా కోపమేనా దాసూ?" అన్నాడు.

"తోక ఊపిందా నిజంగా?"

"ఊపింది. నేలకేసి కొట్టింది. దుమ్ము లేచింది."

"ఒళ్లు చేసిందా?"

"పీపాలా అయింది. మౌలాబీ గారు పాలు పోసేదట."

"మాబు సాహెబ్ గారి వాళ్లు ఇంకా ఉన్నారా అక్కడ?"

"ఆ చంకలో పిల్లోడికి మనవలున్నారు. మూడు తరాలుగా వాళ్లింట్లో కుక్క ఉంటూనే ఉంది. పేరు మాత్రం మార్చరు, మోతీయే."

నేను లేచి లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగాను. ఎందుకో చెప్పను.

కోపమేనా అన్నదానికి జవాబు రాసి పంపుతానన్నాను. నోటితో చెబితే ఆయన మధ్యలో అడ్డం వస్తాడు. ఇది నువ్వే చదివి వినిపించు. ఆయన కళ్లజోడు పెట్టుకోడట, మీ అమ్మ చెప్పి పంపింది.

ముందు కృతజ్ఞతలు. మార్క్ దంపతులకి. వాళ్లకి ఉత్తరం రాశాను. పండు ఇల్లు చేరిందని తెలిసి వాళ్లే ఎక్కువ సంతోషిస్తారు. నజీర్‌కి. మూడో తలుపు తెరిచిన ఆ సంఘం ఆవిడకి. ఆ తలుపు తన ఆలోచన అని చెప్పుకుంటున్న మీ బాసుకి కూడా, పోనీ. దుప్పటి చూసి నిజం చెప్పిన దేవకుమారికి. ఆవిడ ఇప్పుడు ఖాళీ అరుగు వంక చూడకుండా బియ్యం ఏరుతోంది. నీ వెబ్‌సైటులో కుక్క కావలసినవాళ్ల బటన్ ఎలా నొక్కాలో రేపు నజీర్‌ని అడుగుతాను. జాతి అక్కర్లేదు. అలవాటు ఏదైనా పర్లేదు. నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. నా జీవితంలో నేను చెప్పిన తప్పు దిద్దుకుని మళ్లీ నాకే చూపించింది నువ్వొక్కదానివే. మీ నాన్నకి కూడా, ఆ మోకాళ్లతో గుడి బయట నిలబడినందుకు.

ఇక కోపం సంగతి. మోతీని తీసుకురానందుకు లేదు. చంకలో పిల్లోణ్ని చూశాక నేనైనా తీసుకొచ్చేవాణ్ని కాదు. మర్చిపోయిందిరా అని చెబితే ఆ రోజు ఏడ్చేవాణ్ని, మర్నాడు గోళీలు ఆడుకునేవాణ్ని. చెప్పలేదు. అందుకని నా మోతీ ఎండలో, వానలో, అన్నం నీళ్లు లేకుండా, కనిగిరి మిషన్ గేటు దగ్గర నిన్నగాక మొన్నటి దాకా కూర్చునే ఉంది. పాలు తాగి, పిల్లాడి చేత చెవి పట్టించుకుని, పీపాలా ఒళ్లు చేసి హాయిగా పడుకున్న కుక్కను అన్నేళ్లు ఆ గేటు దగ్గర కూర్చోబెట్టిన మనిషి ఒక్కడే. లారీవాడు కాదు, మిషన్ వాళ్లు కాదు, మా నాయన కాదు. నా అన్న జయరావు.

ప్రేమదాసు